కుడివైపు నుంచి తొమ్మిది

మ్యూజియం వెనక సామాన్ల గది, సాయంత్రం ఐదుంబావు. ఆరింటికి హాల్లో అరబ్బీ కళల సాయంత్రం మొదలవుతుంది. స్టూలు మీద కూచున్నది బొమ్మలు తగిలించే పెద్ద మేస్త్రి, ఎదురుగా కార్యక్రమం చూసుకునే మేడమ్, గుమ్మంలో గేటు గార్డు.

“హాల్లోకి మాత్రం రాకండి మేస్త్రీ. ఇంకేమీ అడగటం లేదు మిమ్మల్ని.”

“రానండీ మేడమ్. ఇందాక డైరెక్టరు గారు చెప్పారు, ఇప్పుడు మీరు చెబుతున్నారు. ఇంకా చెప్పేవాళ్లెవరైనా ఉంటే పిలవండి, అందరిదీ ఒకేసారి వినేస్తా.”

“వెటకారం వద్దు. ముప్పావుగంటలో తలుపులు తీస్తున్నాం. మిమ్మల్ని చూస్తే ఆ ఆర్టిస్టు గారికి మళ్లీ బాధ. మధ్యాహ్నం ఎలా అయిపోయిందో చూశారుగా. గోడ ముందు నేల మీదే కూలబడిపోయింది.”

“చూశానండీ. మంచినీళ్లు తెచ్చిచ్చింది నేనేగా.”

“మేడమ్, మరి మట్టం మేస్త్రిని ఇంటికి పంపించెయ్యమంటారా? గేటు దగ్గర నేను రాసుకోవాలి, ఎన్నింటికి వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు అని.”

“ఇంటికి కాదు గార్డు గారూ. ఇక్కడే కూచుంటారు. ఆరింటిలోపు జరిగినదంతా కాయితం మీద రాసివ్వాలి, డైరెక్టరు గారి ఆర్డరు. అది మీరే తీసుకెళ్లి ఆయన చేతికివ్వాలి. ఇంకెవరి చేతికీ ఇవ్వకండి.”

“అలాగేనండి. ఏమయ్యా మట్టం, ముప్ఫయ్యొక్కేళ్లలో నీ చేత సంజాయిషీ రాయించే రోజొస్తుందనుకోలేదు. జేబులో రసమట్టం లేకుండా నిన్ను ఒక్కరోజు చూళ్లేదు నేను. ఈ భవనంలో గోడలైనా వంకరుంటాయి గానీ మా మట్టం పెట్టిన బొమ్మ వంకరుండదని కొత్తవాళ్లకి చెప్పుకుంటా.”

“చెప్పడం మానకు గేటూ. బొమ్మలు వంకరపోలేదు కదా. వరుస తిరగబడింది, అంతే.”

“ఇంకా నయం, జోకులు వేస్తున్నాడు. మేడమ్, ఆ పొట్ట వీణాయన వచ్చేశాడు. చేతుల్లేని కుర్చీ కావాలంటున్నాడు. చేతులుంటే వాయించడం కుదరదట.”

“దాన్ని ఊద్ అంటారండీ. అలాంటి కుర్చీ మీటింగు గదిలో ఉంది, ఇప్పించండి. మీరెళ్లండి, నేను పిలుస్తాను.”

“వెళ్తున్నా, వెళ్తున్నా.”

“తలుపు దగ్గరగా వేసి వెళ్లండి... వెళ్లాడా?”

“వెళ్లాడండీ మేడమ్.”

“ఇంకా మేడమ్ ఏంటి నాన్నా. ఎవరూ లేరుగా.”

“అలవాటైపోయిందమ్మా. ఆరేళ్ల అలవాటు. ఈ భవనం మెట్టెక్కగానే నోరు దానంతటదే తిరుగుతుంది. మొన్న ఇంట్లో కూడా, నీళ్లు ఇవ్వండి మేడమ్ అనేశాను. మీ అమ్మ పడీపడీ నవ్వింది.”

“నాన్నా, టైము లేదు.”

“తర్వాత ఏడ్చింది కూడా. అది వేరే సంగతి.”

“ఇదిగో కాయితం. పెన్ను. నాలుగు లైన్లు చాలు. నేను చెబుతా, నువ్వు రాయి.”

“నువ్వు చెప్పడం, నేను రాయడం. మన ఇంట్లో ఇది ఎప్పుడూ రెండో వైపు నుంచి జరిగేది. కళ్లజోడు... ఆఁ, జేబులోనే ఉంది. తారీకు వేశా. చెప్పు.”

“‘నిన్న నేను గోడకి పెట్టిన తొమ్మిది బొమ్మల వరుస నా పొరపాటు వల్ల తారుమారయింది.’”

“ఆగు, ఆగు. నిన్న నేను పెట్టింది సరిగ్గానే పెట్టా కదా.”

“అది నాకూ తెలు... అంటే, పెట్టాననుకుంటున్నావు నువ్వు.”

“అనుకోవడమేంటమ్మా. తొమ్మిది ఫ్రేములు. తొమ్మిదింట్లోనూ ఒకటే గది, ఆవిడ అమ్మమ్మ గది. మొదటి బొమ్మలో గది నిండా సామాను. మంచం, పెట్టె, అద్దం, గుమ్మంలో చెప్పులు. రెండోదాంట్లో అద్దం లేదు. మూడోదాంట్లో పెట్టె లేదు. అలా ఒక్కొక్కటే పోయి, తొమ్మిదోదాంట్లో గోడా, గోడకి ఒక మేకూ మిగుల్తాయి. జన్మంతా మేకులు కొట్టినవాణ్ణి. ఆ బొమ్మ చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయా.”

“నాకెందుకు చెబుతున్నావు నాన్నా, ఈ ప్రదర్శన తెచ్చిందే నేను.”

“నీకు కాక ఇంకెవరికి చెప్పను? అడుగున సిరాతో ఒక రాత ఉంది, తొమ్మిదింటి గుండా పోతుంది. ఒక ఫ్రేము అంచులో ఆగిన అక్షరం తోకని పక్క ఫ్రేము అందుకుంటుంది. నాకు ఆ భాష రాదు. తోకకి తోక కలుపుకుంటూ పోయా. కలుపుతుంటే వరుస కుడి నుంచి ఎడమకి నడిచింది. ఓహో, వీళ్ల రాత కుడి నుంచి కదా మొదలు, బొమ్మల నడకా అంతేనన్నమాట అనుకున్నా. నీకు చెప్పాను కూడా. ‘మేడమ్, ఇది కుడివైపు నుంచి మొదలండీ’ అన్నా. నువ్వు ఫోన్లో ఉన్నావు. సరే సరే అని చెయ్యూపావు.”

“ఊపుంటాను. నిన్న నాకు ఎవరేం చెప్పారో ఎలా గుర్తుంటుంది? పైకప్పు నుంచి దిగే ఆ గుడ్డ అక్షరాలు ఒక పక్క, చీకటిగదిలో వీడియో ఆడక ఒక పక్క, చదవాల్సిన కవికి గొంతు పట్టేసి ఒక పక్క. నా తల నా దగ్గర లేదు.”

“అదీ నిజమే. పోనీ ఇవాళ సంగతి చూద్దాం. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్లా. తిని వచ్చేసరికి నిండు గది ఎడమ చివర ఉంది, మేకు కుడి చివర ఉంది. రాత ముక్కలు ముక్కలుగా తెగి ఉంది. మూడింటికి ఆవిడ వచ్చింది. చూసింది. కూలబడింది. ఈ మధ్యలో ఎవరు మార్చారు?”

“స్టేజీ కట్టడానికొచ్చిన వడ్రంగులు మార్చుంటారు.”

“వాళ్లకేం పని?”

“లైట్లకి అడ్డం వచ్చుంటాయి.”

“ఎనిమిది బొమ్మలూ అడ్డం వచ్చి, మధ్యలో ఐదోది ఒక్కటీ రాలేదా? అటు నుంచి ఎంచినా ఇటు నుంచి ఎంచినా దాని చోటు అదే కాబట్టి దాన్ని కదపలేదు. గోడ మొత్తం మీద మట్టంగా ఉన్నది అదొక్కటే. అంత లెక్కగా లైట్లకి అడ్డం వస్తాయామ్మా?”

“నాన్నా, ఇప్పుడు పోలీసు విచారణ అవసరమా?”

“నేను కాదుగా కాయితం అడిగింది.”

“డైరెక్టరు గారు అడిగింది ఏదో ఫైల్లో పెట్టుకోడానికి.”

“కాదు. ఎందుకడిగారో నీకూ తెలుసు. మళ్లీ సరిచెయ్యమంటే చేశాను కదా, ఆయనా, ఆవిడా, నువ్వూ నా వెనకే నిలబడ్డారు. ఎంతసేపట్లో చేశాను?”

“చూసుకోలేదు.”

“గంట పట్టలేదు. అంకెలు చూళ్లేదు, ఎవర్నీ అడగలేదు. ఆవిడ నా చేతులకేసే చూస్తోంది. అయ్యాక ఆ తర్జుమా చేసే అమ్మాయి చేత అడిగించింది, ‘ఇంత తెలిసినవాడు నిన్న తప్పెలా పెట్టాడు’ అని. డైరెక్టరు గారు నీ మొహం చూశారు. నువ్వు నేల చూశావు. అప్పుడు అడిగారు కాయితం.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“ఆ రాత ఏంటో కూడా ఆ అమ్మాయే చెప్పింది నాకు. అందరూ ఊరొదిలి పోతుంటే ఆవిడ అమ్మమ్మ అన్న మాటట. ‘మీరు నడవండి, నేను తాళం వేసుకుని వస్తాను’ అని. రాలేదట ఆవిడ.”

“తెలుసు. ప్రదర్శన పుస్తకంలో నేనే వేశాను అది.”

“తిరగేసి పెడితే ఏమవుతుందో తెలుసా? ‘వస్తాను’ ముందుకొచ్చి నిలబడుతుందట. రాని మనిషి, వస్తాను వస్తాను అని గుమ్మంలోనే అంటున్నట్టుంటుంది. అందుకే కూలబడింది.”

“నాన్నా, ప్లీజ్. రాయి. ‘నా పొరపాటు వల్ల...’”

“రాస్తా. ఇంకొక్కటి అడగనీ. డైరెక్టరు గారు నన్ను లోపలికి పిలిచి తిడతారనుకున్నా. తిట్టలేదు. తిడితే బాగుండేది. భుజం మీద చెయ్యేసి ‘కుడికన్ను ఇంకా మసగ్గానే ఉంటోందా మేస్త్రీ, ఆపరేషన్ అయ్యాక కూడా’ అన్నారు.”

“...అలా అన్నారా.”

“కుడికన్ను. ఏ కన్నో కూడా తెలుసు ఆయనకి. రెండేళ్ల కింద చుట్టాల పెళ్లని అబద్ధమాడి, పది రోజులు సెలవు పెట్టి చేయించుకున్న ఆపరేషన్. తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వరని ఈ భవనంలో పురుక్కూడా చెప్పలేదు. తెలిసింది ముగ్గురికే. డాక్టరుకి, మీ అమ్మకి.”

“డైరెక్టరు గారూ అదే డాక్టరు దగ్గరికి...”

“మూడో మనిషెవరో అడగవేం?”

“ఆయన నన్ను అడిగారు నాన్నా. ఇంత అనుభవం ఉన్నవాడు ఇలా ఎలా చేశాడు అని సూటిగా అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా అప్పటికప్పుడు. నీ మంచికే చెప్పా. వయసు మీద పడింది, కన్ను సరిగ్గా లేదంటే జాలిపడతారు, చర్య తీసుకోరు అని.”

“జాలి.”

“అవును.”

“బాగుంది. ముప్ఫయ్యొక్కేళ్లు నేను పేరు సంపాదించుకున్నా. నువ్వు ఒక్క మధ్యాహ్నంలో దాని బదులు జాలి తెచ్చిపెట్టావు.”

“అలా మాట్లాడకు.”

“ఆపరేషన్ రోజు నా చెయ్యి పట్టుకుని కూచున్నది నువ్వేనమ్మా. కట్టు విప్పగానే మొదట నిన్నే చూశా. ఎంత బాగా కనబడుతున్నావో అన్నా. గుర్తుందా?”

“మేడమ్, రావచ్చా?”

“రండి గార్డు గారూ. మేస్త్రీ, త్వరగా కానివ్వండి మీరు.”

“కానిస్తున్నానండీ మేడమ్.”

“కుర్చీ ఇచ్చేశానండి. ఆయన ఇంకా తీగలు బిగించుకుంటుంటే అదే పాటనుకుని ముందు వరసలో కుర్చీలు సర్దుతున్న ఇద్దరు చప్పట్లు కొట్టారు. పాపం లేచి దణ్ణం పెట్టాడు. కాయితం అయిందా?”

“ఇంకా లేదు.”

“ఇంకో సంగతండి. ఆ తర్జుమా అమ్మాయి మట్టం కోసం వెతుకుతోంది. బొమ్మలావిడ ఇతనితో ఏదో మాట్లాడాలందట.”

“ఆయన ఖాళీగా లేరని చెప్పండి.”

“ఖాళీగానే ఉన్నాడు కదండీ.”

“లేరని చెప్పండి.”

“సరేనండి, లేడనే చెబుతా. మనకెందుకు.”

“వెళ్లాడు. నువ్వు ఇప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చు.”

“నాన్నా, పోనీ ఒక పని చెయ్యి. నీ మీద వేసుకోవద్దు. వడ్రంగులే మార్చారని రాసెయ్యి. వాళ్లు రేపు స్టేజీ విప్పుకుని వెళ్లిపోయేవాళ్లు.”

“వాళ్ల పొట్ట కొట్టమంటావా? మళ్లీ ఈ గేటు లోపలికి రానిస్తారా వాళ్లని?”

“మరి ఏం చెయ్యమంటావు?”

“ఆ నిచ్చెన కాళ్లు చూడు.”

“ఏముంది?”

“వంగి చూడమ్మా.”

“...గుడ్డలు కట్టున్నాయి.”

“నేను అన్నానికి వెళ్తూ దాన్ని గొలుసేసి తాళం పెట్టా. తాళం చెవులు రెండు. ఒకటి నా నడుముకి ఉంటుంది, రెండోది నీ సొరుగులో. అది వదిలెయ్, సొరుగు ఎవరైనా లాగొచ్చు. గుడ్డలు నేను కట్టను, తోలు తొడుగులు వాడతా, అవిగో డబ్బాలో ఉన్నాయి. వడ్రంగులసలే కట్టరు, నేలంతా గీసుకుంటూ ఈడ్చుకుపోతారు. కాలికి గుడ్డ చుట్టి, రెండు మెలికలు తిప్పి, చివర లోపలికి దోపిన ముడి అది. ఎవరి ముడి?”

“ముడి ఎవరైనా వేస్తారు నాన్నా.”

“ఏడేళ్లు నీకు. సెలవుల్లో నా వెంట పనికొచ్చి నిచ్చెన పట్టుకునేదానివి. ‘నేలకి నొప్పెడుతుంది నాన్నా’ అన్నావు. అప్పుడు నేర్పా. నా తువ్వాలు చింపి నేర్పా.”

“నేల గీసుకుపోతే మళ్లీ...”

“అవును. నేల మీద నీకు జాలి చిన్నప్పట్నుంచీ ఉంది.”

“నేనే. నేనే మార్చా. చాలా? వడ్రంగులిద్దరూ కిందనుంచి అందించారు, నేనెక్కి తగిలించా. విన్నావుగా, సంతోషమేనా?”

“సంతోషమా? నా మొహం అలా కనబడుతోందా?”

“ఆవిడ వరుస గీసి పంపిన పటంలో అంకెలు కుడి నుంచి ఉన్నాయి. నేను మామూలుగా ఎడమ నుంచి రాసేసుకున్నా. పుస్తకాలు అలాగే వేయించా, ఆరు వందలు. చెవులకి పెట్టుకుని వినేది కూడా అలాగే చేయించా. ఎడమ తలుపులోంచి లోపలికొచ్చి ఒకటి నొక్కితే నిండు గది గురించి చెబుతుంది. ఇవాళ మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని గోడ ముందు నిలబడితే, ఒకటో నంబరు దగ్గర మేకుంది నాన్నా.”

“అప్పుడు నన్ను పిలవచ్చు కదా.”

“నువ్వు అన్నం తింటున్నావు.”

“నాలుగు మెట్లు కింద తింటున్నా.”

“పిలిస్తే నువ్వు ఒప్పుకోవు. పుస్తకం తప్పమ్మా, గోడ తప్పు కాదంటావు.”

“అంటా మరి.”

“అందుకే పిలవలేదు. గోడ మార్చడం తేలికనిపించింది. కింద రాత తెగిపోతుందని తెలుసు. అయినా ఎవరు చూస్తారు, ఇక్కడ చదవొచ్చినవాళ్లు ఎవరున్నారు అనుకున్నా.”

“ఆవిడకి వచ్చుగా.”

“ఆవిడకా?”

“రాసినావిడకి చదవడం వచ్చుగా అమ్మా.”

“అప్పుడు తట్టలేదు. ఏం చెప్పమంటావు, తట్టలేదు అంతే. ఇప్పుడు టికెట్ల దగ్గరివాళ్లు పుస్తకం పుస్తకంలో చీటీ పెడుతున్నారు, కుడి నుంచి చూడండని.”

“ఆ చీటీ ఏదో మధ్యాహ్నమే పెట్టుంటే సరిపోయేది. తప్పు ఒప్పుకోడానికి ఒక చీటీ చాలు. దాచడానికి ఎనిమిది ఫ్రేములు మొయ్యాల్సొచ్చింది నీకు.”

“ఇవాళ వేదిక మీద నా పేరు చదువుతున్నారు నాన్నా. ప్రదర్శనల విభాగం మొత్తం నా చేతికిస్తున్నారు. ఈ సాయంత్రం కోసం ఎనిమిది నెలలు తిండీ నిద్రా మానుకున్నా. ఆవిడ ముందు, అందరి ముందు, నేనే చేశానని ఎలా చెప్పను? నీకింక నాలుగు నెలల్లో రిటైర్‌మెంటు. నాకింకా పాతికేళ్లుంది ఇక్కడ.”

“అంటే నాలుగు నెలలవాడు ఎలా పోయినా పర్లేదు.”

“నేనలా అనలేదు.”

“అన్నావు. వేరే మాటలతో అన్నావు.”

“నాన్నా, నువ్వు కాకపోతే నన్నెవరు కాపాడతారు?”

“కాపాడతా. పద, ఇద్దరం వెళ్దాం. డైరెక్టరు గారి గదికి ఇక్కణ్నుంచి నిమిషం నడక. నువ్వు జరిగింది చెప్పు, నేను నీ పక్కన నిలబడతా. మేస్త్రిగా కాదు. నాన్నగా. ఆయన కేకలేస్తే ఇద్దరం పడదాం.”

“పక్కనా? ఇవాళా? నువ్వు నాన్నవని ఇప్పుడు తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆరేళ్లు దాచిందంటారు. కన్నతండ్రి మీదికే తోసేసిందంటారు.”

“తోశావు కదా.”

“అలా అనకు నాన్నా.”

“దాచమన్నది నువ్వే. ఉద్యోగంలో చేరిన రోజు, సిఫారసుతో వచ్చిందంటారు నాన్నా, ఎవరికీ చెప్పొద్దన్నావు. నాకది న్యాయంగానే తోచింది. నువ్వు చదువుకుని, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. నా పేరు దానికంటకూడదనుకున్నా. నువ్వొక బస్సు, నేనొక బస్సు. మీ అమ్మ రెండు డబ్బాల్లో ఒకటే కూర పెడుతుంది, ఎవరైనా చూస్తారేమోనని నువ్వు పై అంతస్తులో తింటావు, నేను కింద తింటా. ఒక్కనాడు నొచ్చుకోలేదు.”

“నాకు తెలీదనుకున్నావా అదంతా?”

“మొన్న నొచ్చుకున్నా. ఆవిడ విమానం దిగి నేరుగా ఇక్కడికొచ్చింది చూడు, నేను నిచ్చెన మీద గుడ్డ అక్షరాలకి తాడు కడుతున్నా. నిన్ను అడిగింది, బొమ్మలంటే ఇంత ప్రేమ నీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని. ఆ ఇంగ్లీషు నాకర్థమయింది. నీ తల మీద పది అడుగుల ఎత్తున ఉన్నాను నేను. పుస్తకాల నుంచి అన్నావు.”

“నాన్నా, నాకప్పుడు...”

“తాడు చేతిలోంచి జారింది. ‘జాగ్రత్త మేస్త్రీ’ అని అరిచావు.”

“చాలు నాన్నా, ఇంక చెప్పకు.”

“ఏడవకు. వేదికెక్కాలి, కాటుక చెదురుతుంది.”

“చెదరనీ. నన్నేం చెయ్యమంటావో చెప్పు. ఒక్కసారికి. ఈ ఒక్కసారికి నా కోసం. ఇంకెప్పుడూ ఏదీ అడగను. రిటైర్‌మెంటు రోజు నేనే అందరికీ చెబుతా, ఆయన మా నాన్న అని. మైకులో చెబుతా.”

“నాలుగు నెలల తర్వాత.”

“ఒట్టు నాన్నా.”

“ఆఖరిసారి అడుగుతున్నా. నువ్వే వెళ్లి చెబుతావా, లేదా?”

“చెప్పలేను. నా వల్ల కాదు.”

“సరే. ఇటివ్వు కాయితం.”

“నిజంగా రాస్తావా?”

“రాస్తా. ఈ మొదటిది పారేసి ఇంకోటివ్వు, దీని మీద తారీకు వంకరపోయింది.”

“‘నా పొరపాటు వల్ల’ అని మొదలుపెట్టు. నేను చెబుతా.”

“అక్కర్లేదమ్మా, ఏం రాయాలో నాకు తెలుసు. నువ్వా సింకు దగ్గర మొహం కడుక్కో. రంగు చేతుల సబ్బు అది, మొహానికి పెట్టకు, ఉత్త నీళ్లు చాలు.”

“కంటి సంగతి రాస్తే నీకే మంచిది. ఒక లైను.”

“రాస్తా, రాస్తా. కంటి సంగతీ రాస్తా.”

“ఫోను... హలో. సార్. ఆఁ, ఇక్కడే ఉన్నాను సార్. రాస్తున్నారు. లేదు సార్, గొడవేం లేదు, బాగానే సహకరిస్తున్నారు. కవి గారికి వేడినీళ్లు పంపించా సార్. అవును సార్, ఆవిడ ముందు మాట్లాడాక నా పేరు. వచ్చేస్తున్నా సార్, రెండు నిమిషాలు... అయిందా నాన్నా?”

“అయింది. లైన్లు తిన్నగానే ఉన్నాయి.”

“ఇంత పొడుగా? చూడనీ.”

“కవర్లో పెట్టేశా. జిగురు రాసేశా. నువ్వు మళ్లీ చదివి, ఈ మాట తీసెయ్, ఆ మాట పెట్టు అంటే ఆరైపోతుంది.”

“అదీ నిజమే. గార్డు గారూ. గార్డు గారూ.”

“వచ్చా, వచ్చా. ఇక్కడే ఉన్నానండి మేడమ్. అయిందా?”

“ఇదిగో. డైరెక్టరు గారి చేతికే. ఆయన స్టేజీ పక్కన ఉన్నారు. తెరిచి చదివేదాకా అక్కడే ఉండండి.”

“చదివేదాకానా?”

“అవును. చదివారని నాకు ధైర్యం ఉండాలి.”

“అలాగేనండి. మట్టం, దిగులుపడకు. నాలుగు నెలలు కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి.”

“నా కళ్లకేం లోటు లేదు గేటూ. త్వరగా వెళ్లు.”

“పరుగెత్తుకుంటూ వెళ్తున్నాడు. థాంక్స్ నాన్నా. ఈ రుణం తీర్చుకోలేను. మొహం బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఎడమ కంటి కింద కొంచెం తుడుచుకో. ఆఁ, అంతే. ఊద్ మొదలెట్టాడు, వింటున్నావా? మనిషి గొంతులానే ఉంది.”

“పద మరి. కాదు, నువ్వుండు. నేను వెళ్తా.”

“నువ్వు నడువు. నేను గదికి తాళం వేసుకుని వస్తా.”

“ఎక్కడికొస్తావు? హాల్లోకి రానన్నావుగా.”

“మేస్త్రి రాడన్నా.”

“అంటే? నాన్నా, ఏం రాశావు అందులో?”

“నువ్వు రాయమన్నవన్నీ రాశా. కంటి సంగతి రాశా. ఆపరేషన్ అయింది, చూపు శుభ్రంగా ఉంది, కావాలంటే డాక్టరు చేత పరీక్ష చేయించుకోండి అని.”

“మరి బొమ్మల వరుస?”

“నిన్న సరిగ్గా పెట్టాననీ, ఇవాళ నేను అన్నానికెళ్లినప్పుడు మార్చారనీ రాశా.”

“నాన్నా. ఎవరు మార్చారని రాశావు? నా పేరు రాశావా? చెప్పు, నా పేరు రాశావా?”

“లేదమ్మా. నీ పేరు ఎక్కడా రాయలేదు.”

“హమ్మయ్య. చంపేశావు ఒక్క నిమిషం. మరి ఏమని రాశావు?”

“‘మా అమ్మాయి’ అని రాశాను.”